పేరు ఫ్రాన్స్‌ది, నురగ నాసిక్‌ది

షాంపేన్ అని పిలుచుకునే వీల్లేకున్నా అదే పద్ధతిలో తయారవుతున్న దేశీ వైన్ పరువు నిలబెట్టుకుంది. కానీ కోల్‌కతా చేరేసరికి అదీ పరాయి సరుకే

హుగ్లీ ఒడ్డున ఖిదిర్‌పూర్ రేవును ఆనుకుని ఉన్న వాట్‌గంజ్‌కు ఆ పేరు ఓడల పుణ్యమే. 18వ శతాబ్దం చివర్లో ఇక్కడ ఓడల నిర్మాణ కేంద్రానికి నడుం కట్టిన కల్నల్ హెన్రీ వాట్సన్ పేరే ఈ పేటకు స్థిరపడింది. ఖిదిర్‌పూర్ డాక్ 1892లో మొదలైంది. కలకత్తా దొరల విందుల్లో పొంగిన షాంపేన్ అంతా ఓడెక్కి వచ్చిందే. ఆ తర్వాత ఖిదిర్‌పూర్ ఫ్యాన్సీ మార్కెట్ విదేశీ సరుకులకు పేరుమోసింది. మంచి వైన్ సముద్రం దాటే రావాలన్న నమ్మకానికి ఇంతకన్నా సరైన చిరునామా ఉండదు.

ఆ నమ్మకాన్ని దెబ్బతీసిన సీసా మాత్రం లారీలో, నాసిక్ నుంచి వస్తోంది.

ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో తయారైతేనే ఆ పేరు వాడాలన్నది నిబంధన. భారత్‌లోనూ భౌగోళిక గుర్తింపు చట్టం కింద ఆ పేరు నమోదైంది. అందుకే స్పెయిన్ తన వైన్‌ను కావా అంటుంది, ఇటలీ ఫ్రాన్సియాకోర్టా అంటుంది. అయితే పేరుకు హక్కుదారులున్నారు గానీ పద్ధతికి లేరు. తయారైన వైన్‌కు చక్కెర, ఈస్ట్ కలిపి సీసాలోనే రెండోసారి పులియబెడతారు. లోపల పుట్టిన వాయువు బయటికి పోలేక వైన్‌లో కరుగుతుంది. ఒత్తిడి సుమారు 6 అట్మాస్ఫియర్లు. నెలల తరబడి నిల్వ ఉంచి, మెడ కిందికి వచ్చేలా సీసాను తిప్పుతూ, అక్కడ చేరిన మడ్డిని గడ్డకట్టించి తోసేస్తారు. మామూలు షాంపేన్‌కు కనీసం 15 నెలలు పడుతుంది.

ఈ విద్య 1980లలోనే మన దేశానికి వచ్చింది. పుణె జిల్లా నారాయణ్‌గావ్‌లో పారిశ్రామికవేత్త శ్యామ్‌రావు చౌగులే, ఫ్రెంచి సంస్థ పైపర్ హైడ్‌సీక్ సాంకేతిక సాయంతో బుడగల వైన్ తయారు చేయించారు. విదేశాల్లో దాని పేరు 'ఒమర్ ఖయ్యాం'. విచిత్రమేమిటంటే, కంపెనీ పేరే షాంపేన్ ఇండేజ్. విదేశాల్లో కొనుగోళ్లకు దిగి, 2008 మాంద్యం తర్వాత అప్పుల్లో కూరుకుపోయి చివరికి ఆ సంస్థ మూతపడింది.

విద్య మాత్రం మూతపడలేదు. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ఉత్పత్తుల విధానం ప్రకటించాక నాసిక్ చుట్టూ వైనరీలు వెలిశాయి. రాజీవ్ సామంత్ స్థాపించిన సూలా ఇదే పద్ధతిలో 'బ్రూట్' తెచ్చింది. 2013లో మోయెట్ హెన్నెసీ 'షాండాన్'తో నాసిక్ బాట పట్టింది. ఫ్రెంచి సంస్థే ఫ్రాన్స్ వెలుపల తయారీకి దిగడం కొత్తేమీ కాదు. షాండాన్ 1959లోనే అర్జెంటీనాలో అడుగుపెట్టింది. చల్లటి ఇంగ్లండ్‌లో సైతం టేటింజర్ సంస్థ 2015లో కెంట్ కౌంటీలో భూమి కొంది.

నాసిక్‌లో చలి తక్కువ. అందుకే పులుపు తగ్గకముందే కాయ కోస్తారు. షాంపేన్‌లో సెప్టెంబరు ప్రాంతంలో జరిగే కోత ఇక్కడ చలికాలంలో మొదలవుతుంది. షార్డొనే, పినో న్వార్‌లకు తోడు వేడిని తట్టుకునే షెనిన్ బ్లాంక్ అక్కరకొస్తుంది. ఒకప్పుడు హైదరాబాద్ తోటల్లో విరివిగా పండిన అనాబ్-ఎ-షాహీ తినడానికి పండించే ద్రాక్ష. వైన్ ద్రాక్ష వేరు. దాన్ని కంపెనీ కొనకపోతే రైతుకు మరో బజారు దొరకడం కష్టం.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఇన్నాళ్లూ దేశీ వైన్‌కు రక్షణ 150 శాతం కస్టమ్స్ సుంకమే. ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఒప్పందం ఆ గోడకు గండి కొట్టింది. 15 డాలర్లు దాటిన సీసాపై సుంకం వెంటనే 75 శాతానికి తగ్గింది. పదేళ్లలో 25 శాతానికి దిగుతుంది. ఇక దేశం లోపలి గోడలు చూస్తే, 2017లో వచ్చిన జీఎస్టీ పరిధిలోకి మద్యం రాలేదు. ఎక్సైజ్ పన్నులు, లేబుల్ రిజిస్ట్రేషన్, దిగుమతి ఫీజులు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయిస్తుంది. నాసిక్ సీసా మహారాష్ట్ర దాటితే చాలు, మళ్లీ మొదటికొస్తుంది.

షాంపేన్ పేరును ఫ్రాన్స్‌కే వదిలేస్తే మనకు పోయేదేమీ లేదు. కానీ విదేశీ సీసాకు రేవులో గోడ ఏటేటా తగ్గుతుంటే, దేశీ సీసాకు రాష్ట్రాల సరిహద్దుల్లో గోడలు అలాగే నిలిచి ఉంటే, దెబ్బతినేది నాసిక్ ద్రాక్ష రైతు. వాట్‌గంజ్ పాత నమ్మకమే చివరికి నిజమైపోతుంది.