సెరిబ్రల్ పాల్సీ: ఇంటి పనుల్లోనే చికిత్స

సెరిబ్రల్ పాల్సీ ఉన్న మూడేళ్ల బిడ్డకు అన్నం తినిపించడం చాలా ఇళ్లలో గంటకు పైగా పట్టే పని. తల్లి కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని పలుచగా కలిపిన అన్నం చెంచాతో నోట్లో పోస్తుంది. బిడ్డ తల వెనక్కి విరుచుకుంటుంది. రెండో చెంచాకే పొలమారుతుంది. పోసిందాంట్లో సగం పెదవుల పక్కనుంచి కారిపోతుంది. ఇక మాటిమాటికీ దగ్గు, జ్వరం, ఆయాసం. ఎంత పెట్టినా బరువు పెరగదు. తరతరాలుగా ఉగ్గు పెట్టే పద్ధతి అదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

తల వెనక్కి వాలితే గొంతులో ఊపిరి వెళ్లే దారి తెరుచుకుని ఉంటుంది. మింగేటప్పుడు ఆ దారి ఠక్కున మూసుకోవాలి. మూయించేది మెదడు. ఈ పిల్లల్లో ఆ ఆజ్ఞ ఆలస్యంగానో, బలహీనంగానో అందుతుంది. ఈలోపే పలుచటి గంజి, పాలు ఊపిరితిత్తుల్లోకి జారుతాయి. జలుబు అనుకున్నవాటిలో కొన్ని ఇలా వచ్చిన ఇన్ఫెక్షన్లే. అందుకని బిడ్డను నిటారుగా కూర్చోబెట్టాలి. వీపుకు ఆసరా ఉండాలి, పాదాలు పీట మీద ఆనాలి, గడ్డం కొద్దిగా ఛాతీ వైపు వంగాలి. అన్నం చెంచాలోంచి కారిపోకుండా నిలిచేంత చిక్కగా, మెత్తగా ఉండాలి. చెంచాను పైనుంచి తెస్తే బిడ్డ తల ఎత్తేస్తుంది. ఎదురుగా, నోటి ఎత్తులోనే తేవాలి. నాలుక మీద కాస్త అదిమి, పెదవులు మూసుకునేదాకా ఆగాలి. నా దృష్టిలో వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో చేసే ఫిజియోథెరపీకి ఇది ఏమాత్రం తీసిపోదు. అయినా చాలామంది తల్లులకు దీన్ని చేసి చూపించేవాళ్లే దొరకరు.

సెరిబ్రల్ పాల్సీకి మూలం మెదడులో కదలికలను నడిపే భాగాలకు తగిలిన దెబ్బ. అది బిడ్డ కడుపులో ఉన్నప్పుడో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో తగులుతుంది. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పసికందుకు కామెర్లు ముదరడం, మెదడుకు ఇన్ఫెక్షన్ సోకడం వంటివి కారణాలు. ఎందుకు వచ్చిందో ఎప్పటికీ తెలియని పిల్లలూ ఉన్నారు. గ్రహణం నాడు బయట తిరిగినందుకో, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నందుకో వచ్చేది మాత్రం కాదు. తల్లి మీద ఈ నింద ఇప్పటికీ పడుతోంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఒకసారి తగిలిన దెబ్బ ఆ తర్వాత పెరగదు. మరి రెండేళ్లప్పటికంటే ఆరేళ్లకు బిడ్డ కాళ్లు ఎందుకు ఎక్కువ బిగుసుకుంటాయి? జబ్బు ముదిరిందని తల్లిదండ్రులు హడలిపోతారు. అసలు సంగతి వేరు. పిల్లలు ఆడుతూ, ఎగురుతూ ఉంటే ఎముక పొడవుతోపాటు కండరమూ సాగి పెరుగుతుంది. ఎప్పుడూ బిగుసుకుని ఉండే కండరం అలా పెరగలేదు. ఎముక ముందుకు పోతుంది, కండరం వెనకబడుతుంది. అందుకే మడమ నేలకు ఆనదు, మోకాలు పూర్తిగా చాచుకోదు, తొడలు కత్తెరలా ఒకదాని మీదకి ఒకటి వస్తాయి.

తుంటి సంగతి ఇంకా ముఖ్యం. పిల్లలు నిలబడి నడుస్తుంటే తొడ ఎముక తల ఒత్తిడికి తుంటి గిన్నె లోతుగా తయారవుతుంది. నిలబడని పిల్లల్లో గిన్నె లోతు తక్కువగా ఉండిపోతుంది, పైగా బిగుసుకున్న కండరాలు ఎముకను బయటికి లాగుతాయి. ఆస్ట్రేలియాలో 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో 35 శాతం మందికి తుంటి పక్కకు జరిగి ఉంది. సొంతంగా కూర్చోలేని, తల నిలపలేని పిల్లల్లోనైతే అది 90 శాతం. మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి మొదలయ్యేసరికి చిన్న ఆపరేషన్‌తో సరిపోయే దశ దాటిపోవచ్చు. నడవని బిడ్డకు నొప్పి లేకపోయినా రెండేళ్లకల్లా తుంటి ఎక్స్‌రే తీయించి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో మళ్లీ తీయించాలి.

మన ఆడవాళ్లు పిల్లల్ని చంకన వేసుకునే తీరు ఈ పిల్లలకు చాలా మేలు. రెండు కాళ్లూ నడుముకు అటూ ఇటూ విడిపడి ఉంటాయి, తుంటి వంగి ఉంటుంది, బిడ్డ తల నిలుపుకుని లోకాన్ని చూస్తుంది. కాళ్లు జాపుకుని బిగుసుకున్న బిడ్డను చేతుల మీద అడ్డంగా మోస్తే బిగుతు ఇంకా ఎక్కువవుతుంది.

నూనె మర్దనా విషయంలో కొంత జాగ్రత్త అవసరం. బిడ్డకు హాయిగా ఉంటే చేయండి. కానీ ఎవరో కాళ్లూ చేతులూ లాగి వంచినంత మాత్రాన కదలిక రాదు. బిడ్డ తనంతట తాను ప్రయత్నించినప్పుడే మెదడు కొత్త దారులు వేసుకుంటుంది. గిలక్కాయ కోసం చెయ్యి చాచడం, చొక్కా తొడిగేటప్పుడు తనే చెయ్యి దూర్చడం, స్నానాల పీట పట్టుకుని కాసేపు నిలబడటం ఇవన్నీ వ్యాయామాలే. చొక్కా తొడగడానికి పది నిమిషాలు పట్టినా పట్టనివ్వాలి.

కాలం కూడా విలువైనదే. కెనడా పరిశోధకులు వందలమంది పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి 2002లో ఒక విషయం చెప్పారు. సమస్య స్వల్పంగా ఉన్న పిల్లలు తమకు సాధ్యమైన కదలికల్లో 90 శాతాన్ని ఐదేళ్లలోపే అందుకుంటారు, తీవ్రంగా ఉన్నవారైతే మూడేళ్లలోపే. ఆ తర్వాత చదువు, మాట, చేతి పని నేర్చుకోరని దీనర్థం కాదు. ఆ తొలి ఏళ్లను మాత్రం “వాళ్ల నాన్నకూ నడక ఆలస్యమే” అంటూ పోనివ్వకూడదు. నాలుగైదు నెలలకూ మెడ నిలవకపోయినా, పిడికిళ్లు విప్పకపోయినా చూపించాలి. ఏడాది నిండకుండానే బిడ్డ ఒక్క చేతినే వాడుతుంటే ఎడమచేతివాటమని మురిసిపోకూడదు. ఆ వయసుకు ఏ వాటమూ స్థిరపడదు. రెండో చెయ్యి పని చేయడం లేదేమో చూడాలి.

సాయం దొరికే చోట్లున్నాయి. జిల్లా కేంద్రాల్లోని సత్వర చికిత్సా కేంద్రాలు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో భాగం. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్‌లో మేధోవైకల్యాల జాతీయ సంస్థ 1984 నుంచి పనిచేస్తోంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ తీసుకుంటే పింఛనుకు దారి తెరుచుకుంటుంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లంటూ లక్షలు అడిగేవాళ్ల కోసం పొలం అమ్ముకోకండి. మామూలు చికిత్సగా వాడదగ్గంత రుజువు వాటికి లేదు.

థెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు బిడ్డ అన్నం తింటున్న, స్నానం చేస్తున్న, నిద్రపోతున్న వీడియోలు ఫోన్‌లో తీసుకెళ్లండి. ఆ గదిలో అరగంటలో కనిపించనివి వాటిలో కనిపిస్తాయి. పదిహేను వ్యాయామాలు రాసిస్తే మొహమాటపడకుండా, వాటిలో ఏ రెండు మన ఇంటి పనుల్లో కలుస్తాయో అడగండి. చేసి చూపించమనండి, తర్వాత మీ చేత చేయించి చూడమనండి. తల్లి ఒక్కతే వెళ్లకూడదు. బిడ్డ రేపు పాతిక కిలోలవుతుంది, ఎత్తే నడుము ఒక్కటే అయితే అది విరుగుతుంది. మోకాళ్లు వంచి, బిడ్డను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవడం తండ్రి, నానమ్మ, పెద్దపిల్లలు కూడా అదే గదిలో నేర్చుకుని రావాలి. రాత్రి లేచే వంతు కూడా ఇంట్లోవాళ్లు పంచుకోవాలి.