మర్రి క్యాంటీన్‌లో ఎవరి స్టైల్ వాళ్లదే!

ఆదివారం పొద్దున్నే అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్, చేవెళ్ల వైపు ఎప్పుడైనా బైక్ మీద వెళ్లారా? రోడ్డుకు రెండు పక్కలా ఊడలు దిగిన మర్రిచెట్లు గొడుగు పట్టినట్టుంటాయి. మన్నెగూడ దాకా దాదాపు 46 కిలోమీటర్ల దారిలో వందల చెట్లున్నాయి. ఈసారి సెల్ఫీ అయ్యాక పళ్లున్న చెట్టు కింద నిలబడి, పది నిమిషాలు పైకి చూడండి.

మెనూ ఒక్కటే

కోకిల పండును గుటుక్కున మింగేస్తుంది. చిలుక సగం కొరికి, సగం కింద పడేస్తుంది. 'టుక్ టుక్'మనే కంసాలి పిట్టకు మర్రి, రావి, మేడి పళ్లంటే ప్రాణం. పచ్చ పావురం ఆకుల్లో కలిసిపోయి కనిపించనే కనిపించదు. గోరింక పండూ తింటుంది, పురుగునూ వదలదు. చీకటి పడితే గబ్బిలాల షిఫ్ట్. పళ్లు విరగకాస్తాయి కాబట్టి తిండి దగ్గర పెద్దగా గొడవలుండవు.

అసలు పోటీ ఇంటి కోసం. చిలుక, గోరింక, పైడికంటె, మన రాష్ట్ర పక్షి పాలపిట్ట... గుడ్లు పెట్టడానికి అన్నీ వెతికేది పాత చెట్ల తొర్రలనే. కంసాలి పిట్ట ఒక్కటే ఎండుకొమ్మ తొలిచి సొంతిల్లు చేసుకుంటుంది.

ఇన్ని చెట్లెందుకు?

సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఒక సర్వర్ డౌన్ అయితే మిగతావి లోడ్ తీసుకున్నట్టే ఇక్కడా అనుకున్నా. తప్పు. మర్రిచెట్లన్నీ ఒకేసారి పండవు. మర్రి పూలు కాయ లోపలే ఉంటాయి. వాటికి పుప్పొడి మోసే బుల్లి కందిరీగ బతికేది ఒకట్రెండు రోజులే. అది బయటికొచ్చేసరికి దగ్గర్లో ఇంకో చెట్టు సిద్ధంగా ఉండాలి. అందుకే ఒకదాని తర్వాత ఒకటి కాస్తూ, ఏడాదంతా ఎక్కడో ఒకచోట పళ్లుంటాయి. చెట్లు తగ్గేకొద్దీ పిట్టలు పస్తులుండే రోజులు పెరుగుతాయి.

ఈ రోడ్డును నాలుగు లేన్లు చేసే ప్లాన్‌తో చెట్ల కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇరుకు రోడ్డు మీద ప్రాణాలు పోతున్నాయి, రోడ్డు కావాలి. అదీ నిజమే. కానీ చెట్టును పెకిలించి వేరేచోట నాటాలంటే ముందు కొమ్మలు నరకాలి. చెట్టు బతికినా, నరికిన కొమ్మల్లోని తొర్రలు తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. పాలపిట్ట అన్నాళ్లు ఆగలేదు.

ఎలాగూ ఫోన్ చేతిలోనే ఉంటుంది. ఈసారి వెళ్లినప్పుడు ఏ చెట్టు మీద ఏ పిట్టను చూశారో ఈబర్డ్ యాప్‌లో ఎక్కించండి. ఆ చెట్టు మీద ఎవరెవరు బతుకుతున్నారో లెక్క ఉంటుంది.