కచేరి గడపయందు

సోమవారమునాటి యుదయమున మదనపల్లెలో బస్సు దిగినవారిలో కచేరికి పోవువారిని గుర్తించుట కష్టము కాదు. చేత సంచి యుండును. అందు పట్టాదారు పాసుపుస్తకము, మడతలకడ చిరిగిన క్రయపత్రము, తండ్రినాటి శిస్తు రశీదులు, రెండు ఫోటోలు ఉండును. ఆ సంచిని వారు చంకకు గట్టిగా అదిమి పట్టుకొని నడచుదురు. టమోటాల బస్తాను లారీ మీద వదలివచ్చిన రైతుకూడ ఆ సంచిని మాత్రము ఎవరిచేతికిని ఈయడు.

మనభాషలో కచేరి యను మాటకు రెండు అర్థములున్నవి. ఒకటి సంగీతపు కచేరి. రెండవది సర్కారు కచేరి. మొదటిదానిలో పాడువాడు ఒకడు, వినువారు అనేకులు. రెండవదానిలో తమ గోడు చెప్పుకొనువారు అనేకులు, వినవలసినవాడు ఒకడు. ఆ ఒక్కడు సరిగా వినునట్లు చెప్పుకొనవలెనన్న, ఏ గోడు ఏ గడపలో చెప్పుకొనవలెనో ముందు తెలియవలెను. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములను ఆధారముగా చేసికొని ఆ సంగతి కొంత వివరించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ప్రభుత్వ కార్యాలయములు పట్టణమధ్యమున ఒకేచోట గుమిగూడి యుండుటకు కారణము కలదు. పూర్వము తాలూకా కచేరి యనగా ఒక్క తహశీలుదారు గది కాదు. శిస్తు సొమ్ము దాచు ఉపఖజానా ఆ ఆవరణలోనే యుండెడిది. ఖజానాకు కాపలా కావలెను గనుక పోలీసువారు దగ్గరనుండిరి. తహశీలుదారునకు మేజిస్ట్రేటు అధికారములును ఉండుటచేత ఉపకారాగారము కూడ ప్రక్కనే వెలసినది. న్యాయస్థానము వచ్చిన పిమ్మట వకీళ్లు వచ్చిరి; వారివెంట స్టాంపులు అమ్మువారు, దస్తావేజు లేఖరులు, అర్జీలు వ్రాయువారు, కాఫీ హోటళ్లు వచ్చినవి. ఈ విధముగా శిస్తు చుట్టును పట్టణమే పెరిగినది. తరువాత అధికారములు విడిపోయినవి. కార్యాలయములు మాత్రము చాలవరకు పొరుగునే నిలిచినవి. పొరుగున నున్నవన్నియు ఒకే ఇల్లని భ్రమపడుటచేతనే పల్లెవారికి సగము కష్టములు కలుగుచున్నవి.

ఈ మూడు పట్టణముల చరిత్రలును వేరువేరు. మదనపల్లె ప్రాంతము 1800లో నైజాము ప్రభువు ఆంగ్లేయులకు ఇచ్చివేసిన దత్తమండలములలోనిది. 1800 నుండి 1807 వరకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పొలములను కొలిపించి, రైతునకును సర్కారునకును నడుమ మరియొకడు లేని రైతువారీ పద్ధతికి పునాది వేసెను. పుంగనూరు అట్లు కాదు, అది జమీందారీ. కుప్పము కంగుంది జమీందారీలోనిది. అచటి రైతు శిస్తు కట్టినది జమీందారునకు. లెక్కలుండినది జమీందారుగారి కచేరిలో. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప జిల్లానుండి మదనపల్లె మొదలగు ప్రాంతములును, ఉత్తర ఆర్కాడు జిల్లానుండి తక్కిన సీమయు వచ్చి ఒకే గొడుగు క్రిందికి చేరినవి. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము జమీందారీలను తొలగించి, సాగుచేయుచున్న రైతునకు రైతువారీ పట్టా పొందు హక్కు కల్పించినది. కావున మదనపల్లె దిక్కు రైతు తాతముత్తాతల పేర్లకొరకు పాత సర్వే లెక్కలను వెదకును. పుంగనూరు, కుప్పముల దిక్కు రైతు ఎస్టేటు రద్దు నాటి సెటిల్‌మెంటు కాగితములను వెదకును. తగవు ఒకటే కావచ్చును. మూలము మాత్రము వేరు.

ఇక ఏ కార్యాలయము ఏ పని చేయునో చూతము. రామసముద్రము దిక్కున ఒక రైతు రెండెకరములు కొనినాడనుకొందము. అతడు మొదట పోవునది సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునకు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి అచట క్రయపత్రము నమోదగును. సబ్ రిజిస్ట్రారు విచారించునది ముఖ్యముగా ఈ పత్రమును ఈ మనుష్యులే వ్రాసికొనిరా, తగిన స్టాంపు కట్టిరా యను విషయము. అమ్మినవానికి ఆ భూమిమీద నిజముగా హక్కున్నదా యను తీర్పు ఆయన చేయునది కాదు. ఈ ఒక్క మాట తెలియక మోసపోయినవారు ఎందరో కలరు.

రెండవ గడప తహశీలుదారుది. ఏ భూమి ఎవరిపేర నున్నది, ఎవరు సాగుచేయుచున్నారు అను లెక్కలు అచటివి. ఒన్-బి యనునది పట్టాదారుల పట్టిక. అడంగలు సాగును తెలుపు లెక్క. కొనినవానిపేరు ఈ లెక్కలలోనికి ఎక్కుటయే మార్పు, అనగా మ్యుటేషను. రిజిస్ట్రేషను వేరు, మార్పు వేరు. ఈ రెంటిని కంప్యూటరు ద్వారా కలుపు ప్రయత్నములు జరిగినవి గాని, కొనినవాడు రెండుచోట్లను తానే చూచుకొనుట క్షేమము. తండ్రి గతించిన పిమ్మట కుమారులు ఇరువది సంవత్సరములు దున్నుకొనుచుండియు, లెక్కలలో తండ్రిపేరే యుండుట పల్లెలలో సామాన్యము. బ్యాంకులో పంటఋణము అడిగిన దినమున గాని ఆ లోటు బయటపడదు.

మూడవది సర్వేయరు పని. హద్దుల తగవులు కాగితముపై పేరు చూచినంతమాత్రమున తీరవు. కొలతల పుస్తకము తెచ్చి గొలుసు పట్టవలెను. నాలుగవది సబ్ కలెక్టరు లేదా రెవెన్యూ డివిజనల్ అధికారి కచేరి. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకముల చట్టము క్రింద తహశీలుదారు ఇచ్చిన ఉత్తరువుపై అప్పీలు వచ్చునది ఇచటికే. దర్ఖాస్తు పట్టాలు, చుక్కల భూములు, రిజిస్ట్రేషను నిషేధింపబడిన భూముల పట్టికలోనికి పొరపాటున ఎక్కిన సర్వే నంబర్లు, వీనినిగూర్చిన విచారణ దస్త్రములు ఇచట పేరుకొనును. భూమిలేని పేదకు సర్కారు ఇచ్చిన భూమి అన్యాక్రాంతము కాకుండ 1977లో ఒక చట్టము చేయబడినది. అట్టి భూమి చేతులు మారినదా, మారలేదా యను ప్రశ్నకు సమాధానము చాలసార్లు ఈ దస్త్రములలోనే యుండును.

ఆ దస్త్రముల విలువ యెంతటిదో 2024 జూలై 21వ తేదీ రాత్రి లోకమునకు తెలిసినది. ఆ రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున మంటలు చెలరేగి అనేక భూదస్త్రములు దగ్ధమైనవి. ప్రభుత్వము ఉన్నతాధికారులను పంపి విచారణ జరిపించినది; అనంతరము కేసు సి.ఐ.డి.వారికి అప్పగింపబడినది. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. మన పని కాదు. మనము గ్రహింపవలసినది మరియొకటి. రైతు ఇల్లు కాలిన ఒక కుటుంబము వీధిన పడును. కచేరిలో ఒక బీరువా కాలిన, దూరముననున్న ఎన్నో గ్రామములలో పొయ్యిమీద అన్నము ఉడుకుచుండగనే ఎన్నో కుటుంబములు తమకు తెలియకయే వీధిన పడవచ్చును.

కాలిన దస్త్రముతో హక్కు కూడ కాలిపోవునా? పోదు. కాగితము హక్కునకు సాక్షి గాని హక్కు కాదు. అదియుగాక ప్రభుత్వపు కాగితము సాధారణముగా ఒంటిగా నుండదు. క్రయపత్రముయొక్క నకలు సబ్ రిజిస్ట్రారు పుస్తకములలో నుండును. నియమిత రుసుము కట్టి ధ్రువీకరించిన నకలు పొందవచ్చును. అప్పీలులో వెలువడిన ఉత్తరువు ప్రతి తహశీలుదారునకును కక్షిదారులకును పంపబడి యుండును. పై అధికారికి పోయిన తగవు కాగితములు జిల్లా కేంద్రమున దొరకును. న్యాయస్థానమున దాఖలైన పత్రములు అచటి భాండారమున నుండును. కొలతల పటములు సర్వే శాఖయందుండును. ఇన్నింటికి తోడు రైతు సంచిలోని రశీదు ఉండనే యున్నది. మండల కార్యాలయము, జిల్లా కార్యాలయము, పౌరుని యిల్లు, ఈ మూడుచోట్లను మిగిలిన తునకలను కూర్చియే నశించిన దస్త్రమును మరల కట్టుదురు. అందుచేతనే ఆ చిరిగిన సంచి ప్రభుత్వ భాండారములో ఒక చిన్న శాఖవంటిది.

దూరముకూడ ఒక భారమే. 2022 వరకు 66 మండలముల చిత్తూరు జిల్లాకు మూడే రెవెన్యూ డివిజనులుండెను. కుప్పము, పుంగనూరు రెండును మదనపల్లె డివిజనులోనివే. కర్ణాటక, తమిళనాడుల అంచున నున్న కుప్పపు రైతు ఒక అప్పీలు విచారణకై సుమారు నూరు కిలోమీటర్లు వచ్చి, అధికారి క్యాంపులో నున్నారని వినిన, ఒక దినపు కూలియు, బస్సు ఛార్జీయు పోగొట్టుకొని మరలవలెను. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరినది. పుంగనూరు, కుప్పములు చిత్తూరు జిల్లాలోనే నిలిచినవి. పలమనేరు, కుప్పములు క్రొత్త డివిజనులకు కేంద్రములైనవి. 2025లో సరిహద్దులు మరల చర్చకును మార్పునకును వచ్చినవి. సరిహద్దు మారినప్పుడెల్ల పాత దస్త్రము ఏ కచేరిలో మిగిలినది, క్రొత్త కచేరికి ఏది పోయినది అని అడిగి వ్రాసికొనుట పౌరునకు అవసరము. పటముమీద గీత మార్చుటకు ఒక్క ఉత్తరువు చాలును. బీరువాలు కదలుటకు సంవత్సరములు పట్టును.

కచేరిని పల్లెకు చేర్చవలెనను ప్రయత్నము ఈ సీమలో క్రొత్తది కాదు. గ్రామములో కరణము, మునసబు ఉన్నన్నాళ్లు లెక్క ఊరిలోనే యుండెడిది. దానితోపాటు వారి పెత్తనమును ఉండెడిది. 1984లో ఆ ఉద్యోగములు రద్దయినవి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. కార్యాలయము దగ్గరైనది గాని లెక్క ఊరు విడిచినది. 2002లో కుప్పమున హెచ్.పి. సంస్థయు, రాష్ట్ర ప్రభుత్వమును కలసి ఐ-కమ్యూనిటీ యను ప్రయోగము మొదలుపెట్టినవి. పల్లెలలో సమాచార కేంద్రములు తెరచిరి. పొదుపు సంఘముల స్త్రీలు కొందరు కెమెరాలు, సూర్యరశ్మితో పనిచేయు ముద్రణయంత్రము పట్టుకొని ఊరూర గుర్తింపు ఫోటోలు తీసిరి. కచేరిలో అర్జీకి అంటించు ఫోటోకొరకు పట్టణమునకు ఒక దినము పోవలసిన వారికి అది యెంత ఉపకారమో చెప్పనక్కరలేదు.

2011 నవంబరులో మీసేవ ఆరంభమైనది చిత్తూరు జిల్లాలోనే. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయములు వచ్చినవి. 2025 జనవరినుండి వాట్సాప్ ద్వారా కొన్ని సేవలు లభించుచున్నవి. కుప్పము పంచాయతీగా నుండి పురపాలక సంఘమై 2021 నవంబరులో తొలి పురపాలక ఎన్నిక చూచినది; జననమరణముల నమోదు, ఇంటిపన్ను, నల్లానీరు మొదలగునవి ఆ గడపకు చేరినవి. ఇవి యన్నియు మేలే. అయినను యంత్రము ఇచ్చునది లెక్కలో నున్నదానినే. లెక్కలోనే తప్పున్నచో యంత్రము ఆ తప్పును క్షణములో, చక్కని అక్షరములలో అచ్చువేసి యిచ్చును. దానిని సరిచేయుటకు మనుష్యుడే మనుష్యుని కడకు పోయి చెప్పుకొనవలెను. ఆ మనుష్యుడు వినవలెను.

వినుటలో భాషకూడ కలదు. కుప్పపు సంతలో తెలుగు, తమిళము, కన్నడము కలసి వినవచ్చును. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచట స్థాపింపబడుట ఉచితముగానే తోచును. 1966 నాటి చట్టము తెలుగును మన రాజ్యభాషగా చేసినది. అర్జీదారునకు వచ్చిన నోటీసు తనకు చదువరాని భాషలోనో, చదివినను తెలియని పదములతోనో యున్నచో, గడువు అతనికి తెలియకయే గడచిపోవును. తెలుగులో వ్రాయుట యనగా తెలుగు లిపిలో వ్రాయుట కాదు. చదువుకొనిన రైతుబిడ్డకు అర్థమగునట్లు వ్రాయుట.

ప్రజాసంస్థలకు ప్రాణము నమ్మకమే. మదనపల్లెవారికి ఈ మాట క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1915లో వెలసిన బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలయు, అదే సంవత్సరమున క్షయరోగులకు తలుపు తెరచిన ఆరోగ్యవరమును ఆ ఊరి పేరును దేశమంతట ప్రసిద్ధము చేసినవి. పరాయి ఊరి బిడ్డ చదువునకు, పరాయి ఊరి రోగి గాలికొరకు అచటికి వచ్చుట నమ్మకముచేతనే గదా. కచేరియందును అట్టి నమ్మకమే కుదరవలెను.

తుదకు కొన్ని మాటలు. అర్జీ నోటితో చెప్పి రాకుడు. వ్రాసి యిచ్చి, తేదీతోను నంబరుతోను రశీదు పుచ్చుకొనుడు. భూమి కొనక ముందు ఇ.సి. యని వాడుకలోనున్న భారముల పత్రమును, ఒన్-బిని, నిషేధిత పట్టికను మూడింటిని చూడుడు. అసలు పత్రము ఇంటనుంచి నకళ్లు చేతబట్టుకొనుడు. సమాధానము రానిచో 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద అడుగుడు. సామాన్యముగా 30 దినములలో బదులీయవలెను. పత్రముల జాబితా ఒకటి వ్రాసి, ఇంటి ఇల్లాలికిని పెద్దబిడ్డకును చూపియుంచుడు. యజమాని కన్నుమూసిన పిమ్మట సంచిలో ఏమున్నదో తెలియక భూమి పోగొట్టుకొనిన ఇండ్లు ఊరికొకటైనను కలదు.

ఉద్యోగులకును ఒక మనవి. మేజామీద నున్న దస్త్రము మీకు నాటికి నూరవది కావచ్చును. గుమ్మములో నిలుచున్నవానికి అది యొక్కటే. అతడు పొద్దుగూకకముందు తిరుగు బస్సు అందుకొనవలెను. పని అయినదా, కాలేదా, కానిచో ఎందుచేత, మరల ఏనాడు రావలెను అను నాలుగు మాటలు చెప్పి పంపినచో, పని కాకున్నను అతడు కచేరిని తనదిగానే తలచుకొని పోవును.