చేతి సంజ్ఞలు

మోటారుసైకిలు నడుపువాని తలంపు వెనుక వచ్చువానికి తెలియదు. దానిని తెలుపునది దీపము. దీపము చెడినప్పుడును, తీవ్రమగు ఎండలో అది కానరానప్పుడును చేయియే దిక్కు. చోదకుడు సంజ్ఞలు చేయవలెనని 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 121వ సెక్షను విధించుచున్నది.

మన దేశమున సంజ్ఞలకు కుడిచేయి వాడుదురు. కుడివైపు తిరుగుటకు చేతిని భుజమునకు సమముగా చాచి, అరచేతిని ముందునకు త్రిప్పవలెను. ఎడమవైపునకైనచో, చాచిన చేతిని గడియారపు ముల్లునకు ఎదురు దిక్కుగా త్రిప్పవలెను. వేగము తగ్గించునప్పుడు, అరచేయి నేలవైపుండునట్లు చేతిని పైకిని క్రిందికిని ఆడింపవలెను. ఆగుటకు ముంజేతిని నిలువుగా ఎత్తవలెను.

అయితే ఇందొక చిక్కు గలదు. వేగమును హెచ్చించు పిడియు, ముందు చక్రపు బ్రేకును ఆ కుడిచేతి క్రిందనే యున్నవి. కావున మలుపు చేరకమునుపే వెనుకకు చూచి, త్రోవ తిన్నగా నున్నచోట సంజ్ఞ చేసి, చేతిని మరల పిడిపై నుంచి, పిమ్మట తిరుగవలెను. ఒంటిచేత మలుపు తిరుగుట ప్రాణాపాయము.

విద్యార్థులారా, సైకిలెక్కు నాటినుండియే దీని నభ్యసింపుడు. సంజ్ఞ ఆజ్ఞ కాదు, మనవి మాత్రమే. వెనుకవాడు దానిని గ్రహించి వేగము తగ్గించెనా యని చూచిన తరువాతనే తిరుగుడు.