సలాములు నలుగురికి... సంతకం ఒకరికి

రంజాన్ నెల పదో రోజు. 1899 జనవరి 23. కువైట్‌లో ఒక కాగితం మీద రెండు పక్షాలు సంతకాలు చేశాయి. ఒకరు ఆ ఊరి పాలకుడు షేక్ ముబారక్ అల్ సబా. రెండో వ్యక్తి ఇరాన్ తీరంలోని బుషైర్ నుంచి వచ్చిన బ్రిటిష్ పొలిటికల్ రెసిడెంట్, లెఫ్టినెంట్ కర్నల్ మాల్కం మీడ్. కాగితం చిన్నదే. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోనిదే షేకు గానీ ఆయన వారసులు గానీ ఏ పరాయి దేశపు ప్రతినిధినీ కువైట్‌లో ఉండనివ్వకూడదు. తమ నేలలో జానెడైనా మరొకరికి అమ్మకూడదు, కౌలుకివ్వకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఇందుకు ప్రతిఫలం 15,000 రూపాయలు, దాంతోపాటు అవసరమైనప్పుడు అండగా ఉంటామన్న హామీ ఉత్తరం. ఇదంతా గుట్టుగా ఉండాలన్నది షరతు.

పౌండ్లు కాదు, రూపాయలే. గల్ఫ్ వ్యవహారాలు ఆ రోజుల్లో చాలావరకు భారత ప్రభుత్వం చేతి మీదుగా నడిచేవి. కువైట్ వర్తకులు ముత్యాలూ ఖర్జూరాలూ గుర్రాలూ బొంబాయి తెచ్చి అమ్మేవారు. తమ పడవలకు కావలసిన కలప మలబారు తీరం నుంచి తీసుకెళ్లేవారు. కడప, కోనసీమల నుంచి వెళ్లిన మనవాళ్లు ఇప్పుడు దినార్లు లెక్కపెట్టుకునే ఆ ఊళ్లో 1961 దాకా చెలామణీ అయింది రూపాయే.

ఇంతకీ ఆ పదిహేను వేలకు బ్రిటన్ కొన్నదేమిటి? భూమి కాదు, రేవు కాదు, కనీసం జెండా ఎగరేసే హక్కు కూడా కాదు. ఇంకెవరు అడిగినా షేకు కాదనాలి, అంతే. కువైట్ తమకు కావాలని లండన్‌కు ఏమంత ఆశ లేదు, పరాయివాడికి దక్కకుండా ఉంటే చాలు. ముబారక్ తెలివంతా ఈ సంగతి కనిపెట్టడంలోనే ఉంది. ముత్యాలకు ధర బొంబాయి వర్తకులు కట్టేవారు. ఇవ్వనన్న మాటకు ధర కట్టింది మాత్రం సామ్రాజ్యాల మధ్య ఉన్న భయం.

నెత్తుటి గద్దె

ముబారక్‌ను మహానుభావుడిగా చూపించే ప్రయత్నం ఇక్కడ చేయబోవడం లేదు. 1896 మే నెలలో ఒక రాత్రి తన అన్నదమ్ములు ముహమ్మద్, జర్రాలను చంపి గద్దెనెక్కిన మనిషి ఆయన. చనిపోయినవాళ్లతో బంధుత్వం ఉన్న సంపన్న వర్తకుడు యూసుఫ్ అల్ ఇబ్రహీం ఆ పగ మర్చిపోలేదు. ముబారక్‌ను దించడానికి బస్రా అధికారుల గుమ్మాలు తొక్కాడు, మనుషుల్ని కూడగట్టి 1897లో పడవల మీద దండెత్తాడు కూడా.

అప్పటికి కువైట్ ఎవరిదన్న ప్రశ్నకు సూటి జవాబు లేదు. 1871లో బాగ్దాద్ గవర్నర్ మిద్హత్ పాషా అరేబియా తూర్పు తీరం మీదికి సేనలు నడిపినప్పుడు అప్పటి కువైట్ షేకు పడవలిచ్చి సాయపడ్డాడు. టర్కీ సుల్తాను ఆయనకు కాయిమ్మకామ్ అనే పదవి ఇచ్చాడు. మన లెక్కలో జిల్లా అధికారి లాంటి హోదా. ముబారక్ కూడా ఆ పదవి కోసమే ఇస్తాంబుల్‌కు అర్జీలు పెట్టుకుని, 1897 డిసెంబరులో సంపాదించాడు. విచిత్రమేమిటంటే, అదే ఏడాది బ్రిటిష్ వాళ్ల దగ్గరికీ కబురంపి తనను కాపాడమని అడిగాడు. వాళ్లు మర్యాదగా తప్పుకున్నారు.

ఏడాది తిరిగేసరికి అదే బ్రిటన్ పరుగెత్తుకుంటూ వచ్చింది. కారణం రైలు.

పట్టాల చివర రేవు

పర్షియన్ గల్ఫ్ వాయవ్య మూలన కువైట్ అఖాతం లోతుగా, గాలివానకు అడ్డుగా ఉంటుంది. బస్రాకు వెళ్లే షత్ అల్ అరబ్ నది ముఖద్వారంలోనేమో ఒండ్రు మేట వేసి పెద్ద ఓడలకు దారివ్వదు. మధ్యధరా నుంచి గల్ఫ్ దాకా రైలు వేయాలనుకున్నవాడి చూపు కువైట్ మీద పడక తప్పదు. 1898లో రష్యాకు చెందిన కౌంట్ కాప్నిస్ట్ అప్పటి సిరియాలోని ట్రిపోలీ నుంచి కువైట్‌కు రైలు మార్గం వేస్తానంటూ సుల్తానును అనుమతి కోరాడు. జర్మన్లు బాగ్దాద్ రైలు పథకంతో ఆ వెనకే ఉన్నారు. ఇండియా వైస్రాయ్‌గా కొత్తగా నియమితుడైన కర్జన్‌కు ఇవన్నీ ఇండియా వాకిట్లో తవ్వుతున్న గోతుల్లా కనిపించాయి. ఆయన కలకత్తాలో బాధ్యతలు స్వీకరించిన రెండు వారాల పైచిలుకుకే కువైట్‌లో సంతకాలు పడ్డాయి.

సరిగ్గా ఏడాదికి, 1900 జనవరిలో, ఇస్తాంబుల్‌లోని జర్మన్ కాన్సుల్ జనరల్ స్టెమ్రిచ్ నిపుణుల బృందంతో కువైట్ వచ్చాడు. రైలు ఆఖరి స్టేషన్‌కు అఖాతం ఒడ్డున కాజిమా దగ్గర స్థలం కావాలన్నాడు. షేకు ఇవ్వనన్నాడు. వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లారు.

ముబారక్ ఒక పక్క ఇలా తప్పించుకుంటూ మరో పక్క దూకుడుకు పోయి దెబ్బతిన్నాడు. 1901 మార్చిలో ఎడారిలోపలికి సైన్యం నడిపి, సరీఫ్ దగ్గర హాయిల్ పాలకుడు ఇబ్న్ రషీద్ చేతిలో చావుదెబ్బ తిన్నాడు. టర్కీ దీన్ని అవకాశంగా చూసింది. ఆగస్టులో జుహాఫ్ అనే యుద్ధనౌక సైనికుల్ని దించడానికి కువైట్ వచ్చింది. అక్కడ అప్పటికే బ్రిటిష్ నౌక పెర్సియస్ ఉంది. సైనికుల్ని దించనివ్వనని దాని కెప్టెన్ టర్కీ కెప్టెన్ మొహం మీదే చెప్పేశాడు. జుహాఫ్ వెనక్కి తిరిగింది. ఒక్క గుండు పేలలేదు.

తర్వాత జరిగిన బేరం ఇంకా చిత్రం. సెప్టెంబరులో రెండు సామ్రాజ్యాలూ యథాతథ స్థితికి ఒప్పుకున్నాయి. టర్కీ సేనలు పంపదు, బ్రిటన్ కువైట్‌ను ఆక్రమించదు, రక్షిత రాజ్యంగా ప్రకటించదు. మాట తప్పకుండా ఎలా తప్పాలో ఇస్తాంబుల్‌కు తెలుసు. కొద్ది నెలల్లోనే కువైట్ చుట్టుపక్కల సఫ్వాన్, ఉమ్ కస్ర్, బుబియాన్ దీవిలో టర్కీ సైనిక శిబిరాలు వెలిశాయి.

ఆ ఏడాది డిసెంబరులో రష్యా క్రూయిజర్ వర్యాగ్ కూడా కువైట్ చూసి పోయింది. 1904లో జపాన్‌తో యుద్ధం మొదలవుతూనే కొరియా రేవులో సొంత నావికులే ముంచేసుకున్న ఓడ అదే. 1903 మేలో బ్రిటిష్ విదేశాంగ మంత్రి లాన్స్‌డౌన్ ప్రభువుల సభలో లేచి, గల్ఫ్‌లో ఏ పరాయి దేశం నౌకాదళ స్థావరం పెట్టినా సర్వశక్తులా అడ్డుకుంటామని ప్రకటించడం వెనక ఇన్ని ఓడల రాకపోకలున్నాయి.

ఆ నవంబరులో కర్జన్ స్వయంగా యుద్ధనౌకలు వెంటబెట్టుకుని గల్ఫ్ పర్యటనకు వచ్చాడు. వైస్రాయ్ దొరను ఊరేగించడానికి షేకు బొంబాయి నుంచి గుర్రబ్బండి తెప్పించాడు. ముందూ వెనకా ఆశ్వికులు గాలిలోకి తుపాకులు పేలుస్తూ, కేకలు పెడుతూ సాగారు. కర్జన్ ఈ వైభోగాన్ని తర్వాత తన యాత్రా జ్ఞాపకాల్లో సరదాగా రాసుకున్నాడు. మరుసటి ఏడాది కెప్టెన్ నాక్స్ తొలి పొలిటికల్ ఏజెంటుగా కువైట్‌లో కాపురం పెట్టాడు.

ఇన్ని జరిగినా ఊళ్లో ఎగిరింది టర్కీ జెండానే. అందుకో కారణం ఉంది. ముబారక్ కుటుంబానికి దండిగా రాబడినిచ్చే ఖర్జూర తోటలు ఫావ్ దగ్గర, టర్కీ గడ్డ మీద ఉన్నాయి. సుల్తానుతో తెగతెంపులంటే ఆ తోటలు వదులుకోవడమే. ఈ షేకు రాజనీతి గురించి ఎంతమంది ఎన్ని చెప్పినా, ఈ తోటల సంగతి వదిలేస్తే సగం కథ అర్థం కాదు. కర్ర విరగకూడదు, పాము చావకూడదు, తోటలూ పోకూడదు.

బ్రిటన్ దగ్గర మాత్రం ధర పెంచుతూ పోయాడు. 1907లో షువైఖ్ తీరాన కొంత నేలను రహస్యంగా కౌలుకిచ్చి, ఏటా 60,000 రూపాయలకు బేరం కుదుర్చుకున్నాడు. ఎనిమిదేళ్లలో నాలుగింతలు, అదీ ఏడాదికేడాదీ! ఆ డబ్బూ చాలలేదు. యుద్ధాల ఖర్చుకు పన్నులు వడ్డించి, ముత్యాల పడవలు కదలొద్దని ఆంక్ష పెట్టేసరికి, 1910లో హిలాల్ అల్ ముతైరీ వంటి పెద్ద వర్తకులు కొందరు ఊరొదిలి వెళ్లిపోయారు. సామ్రాజ్యాలతో ఆటాడిన మనిషి సొంత ఊరి వర్తకుల ముందు తగ్గాల్సొచ్చింది. పన్నులు ఎత్తేసి, బతిమాలి వెనక్కి పిలిపించుకున్నాడు.

ఆయన లేని గదిలో

1913 జులై 29న లండన్‌లో బ్రిటన్, టర్కీ ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. కువైట్ టర్కీ సామ్రాజ్యంలో స్వయంప్రతిపత్తి ఉన్న కజా, అంటే జిల్లా లాంటి విభాగం, అని రాసుకున్నారు. షేకు అధికారం ఎంతవరకో పటం మీద ఎర్ర గీత, ఆకుపచ్చ గీత గీశారు. ముబారక్‌ను ముందుగా అడిగినవారు లేరు. సంగతి తెలిసి ఆయన నివ్వెరపోయాడు. పద్నాలుగేళ్లుగా అందరికీ కాదంటూ వచ్చినవాడి తరఫున ఇంకొకరు ఔననేశారు. ఇదీ చిన్న పాలకుడి తెలివికి ఉండే హద్దు. బలవంతులు పోట్లాడుకున్నంతకాలం అతడికి విలువ ఉంటుంది. వాళ్లు రాజీకి కూర్చుంటే అతడు బల్ల మీది సరుకైపోతాడు.

అయినా మూడు నెలలకే, అక్టోబరులో, బ్రిటన్ సూచించినవారికి తప్ప మరెవరికీ చమురు హక్కులివ్వనని అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ పర్సీ కాక్స్‌కు ముబారక్ ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరం విలువ 1938లో బుర్గాన్‌లో చమురు పడ్డాక గానీ లోకానికి తెలియలేదు.

ఒడంబడిక అమలు కాకముందే ప్రపంచయుద్ధం వచ్చింది. 1914 నవంబరు 3న బ్రిటన్ కొత్త హామీ ఇచ్చింది. సఫ్వాన్, ఉమ్ కస్ర్, బుబియాన్‌ల నుంచి టర్కీ వాళ్లను తరిమితే కువైట్‌ను బ్రిటిష్ రక్షణలోని స్వతంత్ర ప్రభుత్వంగా గుర్తిస్తాం, తోటలు మీకే ఉంటాయి, పన్నూ ఉండదు అని. ఆ నెలలోనే భారత సైన్యం బస్రా పట్టుకుంది. మరుసటి నవంబరులో ముబారక్ చనిపోయాడు. తోటల మాట మాత్రం నిలవలేదు, స్వతంత్ర ఇరాక్‌తో ఏళ్ల తరబడి తగవు నడిచింది. నేల సంగతీ అంతే. 1922లో ఉకైర్‌లో అదే పర్సీ కాక్స్ పెన్సిల్ పట్టుకుని, 1913 పటంలో కువైట్‌కు చూపిన నేలలో సుమారు మూడింట రెండు వంతులు నజ్ద్ సుల్తాను ఇబ్న్ సౌద్‌కు రాసిచ్చాడు. 1902లో రియాద్‌ను చేజిక్కించుకునే దాకా ఆ ఇబ్న్ సౌద్ తలదాచుకున్నది ముబారక్ నీడనే.

1899 కాగితం 1961 జూన్ 19న రద్దయింది. వారం తిరక్కుండానే, కువైట్ ఒకప్పుడు బస్రాలో భాగమే కదా అని ఇరాక్ పాలకుడు ఖాసిం హక్కు చాటాడు. ముబారక్ ఏరికోరి తెచ్చుకున్న కాయిమ్మకామ్ పదవి ఆ వాదనకు ఆధారాల్లో ఒకటి.

ఆ మరుసటి ఏడాది కువైట్ రాజ్యాంగం రాసుకుంది. గద్దె ఎవరిదో అందులో నాలుగో అధికరణం చెబుతుంది: ముబారక్ అల్ సబా సంతతిది. అల్ సబా వంశంలో ఇంకెవరి సంతానానికీ ఆ హక్కు లేదు.