సాకులకు సమాధానముగా వ్రాసిన శాసనము

శాసనములు రాజధానులలోనే పుట్టుననియు, న్యాయకోవిదులు తలుపులు మూసికొని వ్రాసినదే ప్రజలకు విధియగుననియు మనలో ఒక నమ్మకము కలదు. ఈ నమ్మకమునకు ప్రబలమైన అపవాదము మన దేశముననే యున్నది. ప్రభుత్వ దస్త్రములను చూచు హక్కు పౌరునకు గలదని చాటిన సమాచార హక్కు చట్టము, రాజస్థానమున కరవు పనులకు మట్టి మోసిన కూలీల కలహము నుండి పుట్టినది. దానియందలి ముఖ్య నిబంధనలను ఒక్కొక్కటిగా తీసి పరిశీలించినచో, ప్రతిదాని వెనుకను ఏదో యొక కార్యాలయమున ఎవరో యొక ఉద్యోగి చెప్పిన సాకు కనిపించును.

1975లో ఐ.ఏ.ఎస్. ఉద్యోగమును వదలుకొనిన అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ ప్రభృతులు 1987లో దేవ్‌డుంగరి యను పల్లె చేరి, చుట్టుపట్ల కూలీల నడుమ పనిచేయ నారంభించిరి. 1990 మే 1వ తేదీన భీమ్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఏర్పడెను. అప్పటికి వారి పోరాటము కాగితముల కొరకు గాదు, కూలి కొరకు. ప్రభుత్వము నిర్ణయించిన కనీస వేతనము ఒకటి, చేతికి వచ్చునది మరొకటి. ఇదేమని అడిగినచో, మీరు చేసిన పని అంతమాత్రమే, కొలతల పుస్తకములో అట్లే వ్రాసియున్నదని జవాబు వచ్చెడిది. ఆ పుస్తకమును చూపుడన్నచో, అది ప్రభుత్వ రహస్యమని మరియొక జవాబు. పరరాజ్యముల గూఢచారులను దృష్టియందుంచుకొని ఆంగ్లేయులు 1923లో చేసిన అధికార రహస్యాల చట్టము, చెరువులో పూడిక తీసిన కూలీల హాజరుపట్టియగు మస్టరు రోలుకు సైతము కవచమై నిలిచెను.

1994 డిసెంబరు 2వ తేదీన పాలీ జిల్లా కోట్ కిరానాలో సంఘటన్ తన తొలి బహిరంగ విచారణను జరిపెను. వారు దానిని 'జన్ సున్‌వాయీ' యనిరి. ఆ సభల తీరు బహు సరళము. ఊరి నడుమ జనము గుమిగూడి కూర్చుండగా, ఒకరు మైకు ముందు నిలిచి మస్టరు రోలులోని పేరును, పనిచేసిన దినములను, చెల్లించిన కూలిని బిగ్గరగా చదువుదురు. ఆ పేరుగలవాడు లేచి, తానా పనికి పోనేలేదని చెప్పును. మరియొక పేరు చదువగా, అతడు గతించి ఏండ్లయినదని బంధువులు కేకవేయుదురు. పూర్తియైనదని బిల్లు చెల్లించిన కట్టడము పైకప్పు లేక అందరికిని కనబడుచునే యుండును. అక్షరము రానివారు సైతము ఆడిటర్లైరి. ఏలయన వారికి కావలసిన విద్య తమ ఊరిని ఎరిగి యుండుట మాత్రమే. అయితే చదువబడిన ఆ కాగితములు చట్టబలమున లభించినవి గావు, సానుభూతిగల అధికారుల దయవలన చేతికి చిక్కినవి. అధికారి బదిలీయైనచో దయయు బదిలీయగును. శాసనము కావలెనను తలంపు బలపడినది ఇచ్చటనే.

1995 ఏప్రిల్ 5వ తేదీన ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెఖావత్, స్థానిక అభివృద్ధి పనుల దస్త్రముల నకళ్ళను ప్రజలకు ఇప్పింతునని శాసనసభలో ప్రకటించెను. ఏడాది గడచినను ఆ వాగ్దానము ఉత్తర్వుగా మారలేదు. 1996 ఏప్రిల్ 6వ తేదీన బ్యావర్ పట్టణమున ధర్నా మొదలైనప్పుడు ప్రభుత్వము హడావుడిగా ఒక ఉత్తర్వును జారీచేసినది గాని, దాని ప్రకారము రుసుము కట్టి దస్త్రములను చూడవచ్చునే తప్ప జిరాక్సు ప్రతులు తీసికొనరాదు. ఆందోళనకారులు దానిని నిరాకరించిరి. చూచి వచ్చిన దానిని ఊరిలో చెప్పినచో అది నోటిమాట. ధ్రువీకరించిన నకలు చేతనున్నచో అది పోలీసుల యెదుటను న్యాయస్థానమునందును నిలువగల సాక్ష్యము. ఈ భేదమును కూలీలు బాగుగా ఎరుగుదురు. నలువది దినముల ఆ ధర్నాకు పల్లెల నుండి ధాన్యము వచ్చెను, పట్టణమునందలి సామాన్యులు చందాలిచ్చిరి, 'హమారా పైసా, హమారా హిసాబ్' అను నినాదము పత్రికల కెక్కెను. మన డబ్బుకు లెక్క మనకు చెప్పవలెనని దాని సారము.

ఆ యేడాదియే ఆగస్టులో సమాచార హక్కు కొరకు జాతీయ స్థాయిలో ప్రజాప్రచార సంఘము ఒకటి ఏర్పడెను. జస్టిస్ పి.బి. సావంత్ అధ్యక్షతన ప్రెస్ కౌన్సిల్ ఒక ముసాయిదాను సిద్ధపరచెను. ప్రభుత్వము చేయు ప్రతి పనిని తెలిసికొను హక్కు ప్రజలకు గలదని 1975లోనే రాజ్ నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ మాథ్యూ చెప్పియుండెను గాని, తీర్పునందలి సూత్రమును తాలూకా కచేరి కిటికీ వద్ద పనికివచ్చునట్లు చేయుటకు శాసనము అవసరమయ్యెను. 1997లో తమిళనాడు, గోవాలు రాష్ట్రచట్టములు చేసెను. రాజస్థాన ప్రభుత్వము పౌరసంఘముల సూచనలలో కొన్నింటిని స్వీకరించి, కొన్నింటిని పలుచన చేసి, 2000లో తన చట్టమును చేసెను. 2002 నాటి కేంద్ర చట్టములో జరిమానా లేదు, స్వతంత్రమైన అప్పీలు లేదు. అదియు ఏనాడును అమలులోనికి రాలేదు. 2004 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లు మొదట కేంద్రప్రభుత్వమునకే పరిమితమై యుండగా, పౌరసంఘములు గట్టిగా అభ్యంతరము తెలిపిన పిమ్మట రాష్ట్రప్రభుత్వములు సైతము దాని పరిధిలోనికి వచ్చినవి. రేషను, పట్టా, పింఛను, కూలి మొదలుగా సామాన్యుని బ్రతుకును తాకు దస్త్రములలో అధికభాగము రాష్ట్రప్రభుత్వముల యొద్దనే యుండును గనుక, ఆ సవరణ లేనిచో చట్టమునకు ప్రాణమే లేకపోయెడిది.

2005 అక్టోబరు 12వ తేదీ నుండి అమలైన ఈ చట్టమును ఇప్పుడు చదివిచూడుడు. రహస్యమన్న సాకునకు, అధికార రహస్యాల చట్టముకంటె ఇదియే బలీయమని 22వ సెక్షను చెప్పును. నకలు ఇయ్యమన్న సాకునకు, ధ్రువీకరించిన ప్రతులు తీసికొను హక్కు కలదు. పనిని స్వయముగా తనిఖీచేసి, వాడిన సామగ్రి నమూనాలను సైతము ధ్రువీకరణతో పొందవచ్చును. నీకెందుకన్న ప్రశ్నకు, కారణము చెప్పనక్కరలేదు. వ్రాయరానివాడు నోటితో చెప్పినచో దానిని వ్రాతలో పెట్టుటకు తోడ్పడవలసిన బాధ్యత అధికారిదే. రేపు రమ్మను మాటకు ముప్పది దినముల గడువు. ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించినదైనచో 48 గంటలు. గడువు మీరినచో సమాచారము ఉచితము. తగిన కారణము లేక ఆలస్యము చేసినవానిపై దినమునకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలకు మించకుండ జరిమానా; అదియు ఖజానా నుండి గాదు, ఆ అధికారి జేబు నుండి.

మన నేలపై ఈ భావములు, పనుల లెక్కలను ప్రజలే పరిశీలించు సామాజిక తనిఖీ రూపమున వేరూనినవి. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకము అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమైన తరువాత, ఆ యేడాదియే ఆంధ్రప్రదేశమున తనిఖీలు మొదలై, 2009లో వాటికొరకే ప్రత్యేకమైన సొసైటీ ఏర్పడెను. మస్టరు రోలును గ్రామసభలో చదువుటయన్నది అప్పటినుండి మన పల్లెలకు పరిచితము. చట్టబద్ధమైన హక్కునకును ప్రభుత్వ సౌజన్యమునకును గల అంతరమును సైతము మనము చూచితిమి. ఏండ్ల తరబడి వెబ్‌సైటులో అందరికి కనబడిన జీవోలను 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అచ్చట ఉంచుట మానెను. ప్రభుత్వము మారిన పిదప 2024లో తిరిగి ఉంచనారంభించెను. అడిగినవానికి ఇచ్చుటయే గాక, అడుగకమునుపే దస్త్రములను వెల్లడింపవలెనని 4వ సెక్షను విధించినను, దానిని ఉల్లంఘించినవానికి నేరుగా జరిమానా విధించు నిబంధన లేకపోవుటయే ఇట్టి స్వేచ్ఛకు అవకాశమిచ్చుచున్నది.

రాజస్థానీయులు ఈ లోపమును గ్రహించి, పౌరసంఘముల సహకారముతో 2019లో, అడుగకమునుపే వివరములను వెల్లడించు జన్ సూచనా పోర్టలును తెప్పించుకొనిరి. ఫిర్యాదును నిర్ణీతకాలమున పరిష్కరింపని ఉద్యోగిని బాధ్యుని చేయు జవాబుదారీ చట్టము కొరకు ముసాయిదా వ్రాసి, జిల్లాలన్నియు తిరిగిరి. 2023 నాటి రాజస్థాన శాసనసభ ఎన్నికల లోపల అది శాసనము కాలేదు. ఈలోపల, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము సమాచార చట్టమునందలి 8(1)(జె) నిబంధనను సవరించెను. ప్రజాకార్యముతో సంబంధములేని వ్యక్తిగత వివరములను మాత్రమే నిరాకరింపవచ్చునను పూర్వపు పరిమితి తొలగినది. శాసనసభకు నిరాకరింపరాని సమాచారమును పౌరునకును నిరాకరింపరాదన్న వాక్యమును తొలగినది. ప్రజాప్రయోజనము మిన్నయైనచో సమాచారమీయవచ్చునను 8(2) ఇంకను మిగిలియున్నను, ఆ ప్రయోజనమును నిరూపించు భారము అడిగినవానిపై పడు ప్రమాదము కలదు. మస్టరు రోలనగా పేర్లు, దినములు, కూలి. ఇవియన్నియు వ్యక్తిగతములే యనవచ్చును గదా!

కావున రాష్ట్రమున పారదర్శకతకై క్రొత్త శాసనమును తలపెట్టు పౌరులు మొదట చేయవలసిన పని, తమ దరఖాస్తులకు వచ్చిన నిరాకరణ పత్రములను ప్రోగుచేయుట. ఏ సెక్షను పేర, ఏ మాటతో, ఎన్నాళ్ళకు కాదనిరో వరుసగా వ్రాసికొనినచో, రానున్న చట్టము ఏయే నిబంధనలను కోరుచున్నదో ఆ పట్టికయే చెప్పును.