కల ఏదో, నిజం ఏదో!

బొమ్మల సినిమా అనగానే పిల్లల వినోదమేనని మనలో చాలామంది అభిప్రాయం. జపాన్ దర్శకుడు సతోషి కోన్ 1997లో రూపొందించిన ‘పర్‌ఫెక్ట్ బ్లూ’ మాత్రం పూర్తిగా పెద్దల చిత్రం.

మిమా అనే యువతి పాటల బృందాన్ని వీడి నటిగా మారుతుంది. ఇంతలో ఆమె పేరుతోనే ఎవరో ఇంటర్నెట్‌లో ఆమె దినచర్య రాయడం మొదలుపెడతారు. రైలు దిగేటప్పుడు ముందుగా ఏ కాలు మోపుతుందో కూడా అందులో ఉంటుంది! తొలుత నవ్వుకున్న మిమా క్రమేణా భయపడుతుంది. చివరకు నిన్న తానేం చేసిందో తెలుసుకోవడానికి ఆ రాతలనే ఆశ్రయించే స్థితికి చేరుతుంది. సామాన్యులకు ఇంటర్నెట్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే దర్శకుడు ఈ ప్రమాదాన్ని పసిగట్టడం విశేషం.

మన సినిమాల్లో కల వస్తోందంటే తెరపై రింగులు తిరిగేవి. కోన్ అటువంటి గుర్తులేవీ ఇవ్వలేదు. మిమా ఉలిక్కిపడి నిద్ర లేస్తుంది. అంతవరకు చూసింది కలేనని ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకుంటాడు. అంతలోనే అదీ నమ్మదగినది కాదని తేలుతుంది. ఆమె నటించే సీరియల్ కథ కూడా ఆమె బతుకును పోలి ఉండటంతో చిక్కుముడి మరింత బిగుస్తుంది. మనిషినీ భ్రమనూ ఒకే చేయి, ఒకే రంగులతో గీసినప్పుడు తేడా పట్టుకోవడం ఎలా? నటులతో తీసే చిత్రంలో ఇది అంత తేలిక కాదు.

కోన్ 2006లో ‘పాప్రికా’లోనూ కలల కథనే ఎంచుకున్నారు. 2010లో 46 ఏళ్లకే కన్నుమూశారు.

‘పర్‌ఫెక్ట్ బ్లూ’లో హత్యలు, స్త్రీపై అత్యాచార సన్నివేశం ఉన్నాయి. బొమ్మలే కదా అని పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోరాదు.